‘ఎలా చేశావురా?’ అంటే చెయ్యి చాపాడు
(లెక్కల టీచరమ్మకు ఉత్తరం)

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నెలనెలా ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో సగం ఎక్కాల గురించే ఉంటాయి. ఈసారి మాత్రం అన్నీ దెబ్బల గురించే వచ్చాయి. పరీక్షల కాలం కదా!

ప్రశ్న: మా వాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. హోంవర్కుకు కూర్చోమంటే నీళ్ళు తాగొస్తానంటాడు, పెన్సిల్ చెక్కుకుంటానంటాడు. రెండు తగిలిస్తేగానీ కుదురుగా కూర్చోడు. ఈమధ్య నోటుబుక్కులో పేజీలు చించేస్తున్నాడు. తీసివేతల్లో పదికి రెండొచ్చిన పేజీ మొన్న పరుపు కింద దొరికింది. కోపం ఆగక అట్లకాడతో కొట్టాను, కాలి మీద వాత తేలింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. కానీ మర్నాడు టెస్టులో ఏడొచ్చాయి! సంతోషంతో మెచ్చుకున్నాను, చాక్లెట్ కొనిచ్చాను. ఆ తర్వాతి టెస్టులో మళ్ళీ నాలుగే. “చూశావా, వాడికి దెబ్బే మందు, నెత్తికెక్కించుకుంటే చెడతాడు” అంటున్నారు మా అత్తగారు. కొట్టాలని లేదు, మానాలంటే భయంగా ఉంది.
– ఒక అమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఇంట్లో వైకుంఠపాళి ఉంటే అందులోంచి పాచిక తీసి, అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పాచిక వేస్తూ పోండి. ఒకటి పడ్డప్పుడల్లా దాన్ని గట్టిగా తిట్టి, ఒక దెబ్బ వేసి, మళ్ళీ వేయండి. ఆరింట ఐదుసార్లు అంతకన్నా పెద్ద అంకే పడుతుంది. ఆరు పడ్డప్పుడల్లా ముద్దు పెట్టుకుని మళ్ళీ వేయండి. ఈసారి ఆరింట ఐదుసార్లు తగ్గుతుంది. గంటసేపు ఆడితే, పాచికకు దెబ్బే మందని, ముద్దు చేస్తే చెడుతుందని అత్తగారు ఒట్టేసి మరీ చెబుతారు. పాచికకు చెవులూ లేవు, ఒళ్ళూ లేదు!

మరీ తక్కువ వచ్చాక తర్వాతిది ఎంతో కొంత పెరగడం, మరీ ఎక్కువ వచ్చాక తగ్గడం మామూలు సంగతి. మా లెక్కల్లో దీన్ని సగటు వైపు తిరిగి రావడం అంటాం. మనం కొట్టేది ఎప్పుడు? మరీ అడుగుకు పడిపోయినప్పుడు. మెచ్చుకునేది ఎప్పుడు? మరీ పైకి పోయినప్పుడు. అందుకే కొట్టాక పెరిగినట్టు, మెచ్చుకున్నాక తగ్గినట్టు ఉంటుంది. 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేనియల్ కానమన్ మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన ఇజ్రాయెల్ వైమానిక దళంలో విమానం నడపడం నేర్పేవాళ్ళకు పాఠం చెబుతుంటే, ఒక సీనియర్ లేచి అచ్చం మీ అత్తగారి మాటే అన్నాడట: బాగా చేసినవాణ్ణి మెచ్చుకుంటే మళ్ళీసారి చెడగొడతాడు, చెడగొట్టినవాణ్ణి అరిస్తే మళ్ళీసారి బాగా చేస్తాడు అని. కానమన్ వాదన పెట్టుకోలేదు. నేల మీద ఒక గుర్తు గీసి, వెనక్కి తిరిగి దాని మీద పడేలా నాణేలు రెండేసిసార్లు విసరమన్నాడు. మొదటిసారి దగ్గరగా వేసినవాళ్ళు రెండోసారి చాలావరకు దూరంగా వేశారు, దూరంగా వేసినవాళ్ళు దగ్గరికి వచ్చారు. ఒక్కరినీ ఎవరూ తిట్టిందీ లేదు, పొగిడిందీ లేదు.

కాబట్టి ఆ ఏడు మార్కులు మీ అట్లకాడ తెచ్చినవి కాకపోవచ్చు. చాక్లెట్ చేసిన నేరం కూడా ఏమీ లేదు.

ఇంకొక మాట. కొట్టగానే ఇల్లు నిశ్శబ్దమవుతుంది, మీ తలనొప్పి దిగుతుంది. ఆ క్షణంలో వాడు తీసివేత నేర్చుకోవడం లేదు, మీ చెయ్యి మాత్రం నేర్చుకుంటోంది. రేపు ఇంకాస్త తొందరగా లేస్తుంది. నా చెయ్యి అలాగే నేర్చుకుంది కనుక చెబుతున్నాను.

1993లో ఒంగోలుకు దగ్గర్లో ఒక ఊళ్ళో ఆరో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. చేతిలో ఎప్పుడూ అడుగు స్కేలు ఉండేది. తప్పుకొక దెబ్బ, వేళ్ళ కణుపుల మీద, స్కేలు అంచుతో. కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్లవాడు 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని వేసేవాడు. 63లోంచి 38 తీసెయ్యమంటే మళ్ళీ 35. వారం పాటు రోజూ దెబ్బలే. వారం తిరిగేసరికి అన్నీ రైటు! స్టాఫ్‌రూంలో గొప్పగా చెప్పుకున్నాను కూడా. త్రైమాసిక పరీక్షలో నంబర్ల ప్రకారం విడివిడిగా కూర్చోబెట్టాం. వాడి కాగితం తెల్లగా వచ్చింది. అన్నాళ్ళూ పక్కవాడిది చూసి, గట్టిగా నొక్కితే కనపడుతుందని గాలికి ఆనించినట్టు పెన్సిల్‌తో రాసేవాడట. ఎడమ గుప్పిట్లో ఎప్పుడూ రబ్బరు ఉండేది. ఆ రబ్బరు ఎందుకో నేను ఒక్కరోజూ అడగలేదు.

కాగితాలు ఇచ్చిన రోజు వాణ్ణి బల్ల దగ్గరికి పిలిచి, నిజంగానే తెలుసుకోవాలని, “52లోంచి 27, ఎలా చేశావురా?” అన్నాను. వాడు నోరు విప్పలేదు. కుడిచెయ్యి బోర్లా తిప్పి, కణుపులు పైకి పెట్టి, నా ముందు చాపాడు. చాపి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నేను ఏ ప్రశ్న అడిగినా వాడికి వినపడేది ఒకటేనన్నమాట. ఆరోజు స్కేలు బీరువాలో పడేశాను.

రెండ్రోజులు బతిమాలితేగానీ నోరు తెరవలేదు. తెరిచాక వాడు చెప్పింది విని నాకు సిగ్గేసింది. “రెండులోంచి ఏడు పోదు కదండీ, అందుకని ఏడులోంచి రెండు తీసేశా. ఐదు. అక్కడ ఐదులోంచి రెండు, మూడు.” అదండీ 35 కథ. పరాకు కాదు, పొగరు కాదు. వాడికొక సూత్రం ఉంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. 63, 38 కూడా అదే సూత్రం: ఎనిమిదిలోంచి మూడు ఐదు, ఆరులోంచి మూడు మూడు. ఎంత కొడితే ఆ సూత్రం మారుతుంది? చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టాను. ఏడు పుల్లలు ఇవ్వరా అన్నాను. రెండు చూసుకున్నాడు, నన్ను చూశాడు, ఒక కట్ట రబ్బరుబ్యాండు విప్పాడు. పక్క స్థానం నుంచి ‘అప్పు’ తేవడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది వాడికి. పీరియడ్ పూర్తిగా కూడా పట్టలేదు.

మీ వాడి పరుపు కింద దొరికిన పేజీని పారేసి ఉండరనుకుంటాను. ఆ ఎనిమిది తప్పుల్లో ఐదారు ఒకే రకంగా ఉంటాయని నా అనుమానం. కాగితం పట్టుకుని వాడి పక్కన కూర్చోండి. ముందు “అట్లకాడతో కొట్టడం నాదే తప్పురా” అనండి. తల్లి అలా అంటే లోకువైపోదు. తర్వాత “ఇది ఎలా చేశావో నాకు చెప్పు” అనండి. మొదటి రోజు చెప్పకపోవచ్చు. చించి దాచడం వాడికి అలవాటైంది, అది పోవడానికి వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. హోంవర్కుకు ముందే నీళ్ళు తాగించి, పెన్సిళ్ళు రెండు చెక్కి పెట్టండి. పావుగంట కూర్చుంటే చాలు, లేచి ఆడుకుని మళ్ళీ వస్తాడు. ఎనిమిదేళ్ళవాడు గంటసేపు కదలకుండా కూర్చుంటే నాకు భయమేస్తుంది.

ప్రశ్న: ‘దండం దశగుణం భవేత్’ అన్నారు పెద్దలు. మా అయ్యవారు దూలానికి కట్టిన తాడుకు వేలాడదీసి కోదండం వేసేవారు, గోడకుర్చీ వేయించేవారు, తొడపాశం పెడితే వారం నొప్పి. మేం పాడైపోయామా? ఎలక్ట్రిసిటీ బోర్డులో ఇంజనీరుగా రిటైరయ్యాను. ఈ కాలం పిల్లలకు భయం లేకే ఇలా తయారయ్యారు. మీబోటి వాళ్ళు ఇంకా ఎక్కిస్తున్నారు.
– ఒక తాతగారు, కావలి

జవాబు: అన్నయ్యగారూ, నమస్కారం. ఆ శ్లోకం చివరి పాదమే అందరికీ నోటికొచ్చు, మొత్తం చదివినవాళ్ళు తక్కువ. ‘విశ్వామిత్రాహి పశుషు కర్దమేషు జలేషు చ, అంధే తమసి వార్ధక్యే దండం దశగుణం భవేత్.’ విశ్వామిత్రుడికి దీనితో సంబంధం లేదు, పదం విడగొట్టుకోవాలి. వి అంటే పక్షి, శ్వ అంటే కుక్క, అమిత్ర అంటే శత్రువు, అహి అంటే పాము, ఆపైన పశువు. ఇక బురద, నీళ్ళు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. ఈ పది చోట్లా చేతికర్ర పనికొస్తుందని ఆ శ్లోకం చెబుతోంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టండి, పదిలో ఎక్కడా పిల్లలు లేరు! మనిద్దరి వయసుకూ మాత్రం అందులో చోటు ఉంది.

మీరు పాడైపోలేదు, నిజమే. ఒక పని చేయండి. ఒకటో తరగతిలో మీతో పాటు పలక పట్టుకుని కూర్చున్నవాళ్ళ పేర్లు గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాయండి. పదో తరగతి దాకా మిగిలిన వాళ్ళకు టిక్కు పెట్టండి. టిక్కు పడనివాళ్ళు అందరూ దెబ్బలకే మానేశారని నేననను. కూలికి పోయినవాళ్ళుంటారు, పెళ్ళి చేసి పంపేసిన ఆడపిల్లలుంటారు. కానీ కోదండం దిగి ఇంటికి పోయి మళ్ళీ బడి గడప తొక్కనివాడు ఒక్కడైనా ఉండడా? వాడు పత్రికకు ఉత్తరం రాయడు. “దెబ్బలు తినే బాగుపడ్డాం” అని రాసేది ఎప్పుడూ మిగిలినవాళ్ళే. మా ఇంట్లో మా పెద్దనాన్న కొడుకే మూడో తరగతిలో వాతపెట్టించుకుని గొడ్లు కాయడానికి పోయాడు. మనిషి మహా చురుకు, పత్తి బేరం నోటితో లెక్క కట్టేవాడు. చచ్చేదాకా బ్యాంకులో వేలిముద్రే.

పిల్లలకు భయం పోయిందన్న మాట మాత్రం ఒప్పుకోను. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్ళు ‘యంగ్ లైవ్స్’ పేరుతో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలను 2002 నుంచి ఏళ్ళ తరబడి వెంటాడి అధ్యయనం చేశారు. 2009 ప్రాంతంలో ఎనిమిదేళ్ళ పిల్లలను అడిగితే, గడిచిన వారంలో బడిలో దెబ్బ తిన్నామని నాలుగింట మూడు వంతులకు పైగా చెప్పారు. అమెరికాలో గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ అనే ఇద్దరు పరిశోధకులు యాభై ఏళ్ళ అధ్యయనాలను, 1,60,000 మందికి పైగా పిల్లల వివరాలను కలిపి 2016లో లెక్క తేల్చారు. ఇంట్లో పిర్ర మీద చరిచే మామూలు దెబ్బలు ఎక్కువ తిన్న పిల్లల్లో మొండితనం, ఎదుటివాణ్ణి కొట్టడం తగ్గలేదు సరికదా, ఎక్కువగానే కనిపించాయి. మొండి పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయి కదా అని మీరు అడగొచ్చు, ఇంజనీరు గారు అడగాల్సిన ప్రశ్నే. కొంత నిజం కూడా. కానీ మందు అనుకున్నది వేసినకొద్దీ జబ్బు ఎక్కడా తగ్గినట్టు కనపడకపోతే, ఆ సీసా పక్కన పెట్టొద్దూ?

మా హిందీ పండిట్ గారు ఒకసారి ‘శిక్షా’ అంటే అర్థం చెప్పమని ఆరో తరగతిని అడిగితే, “కొట్టడమండీ” అన్నారట పిల్లలు ముక్తకంఠంతో. హిందీలో అది చదువు. సంస్కృతంలోనూ అంతే. మన దగ్గరికొచ్చేసరికి బెత్తమైంది. మనమూ ‘శిక్షణ’ అన్నప్పుడు మాత్రం చదువు అర్థం మిగుల్చుకున్నాం లెండి.

ప్రశ్న: మేడం, మొన్నటి డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ఏడో తరగతిలో 46 మంది. కొట్టకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు, కానీ బెత్తం పట్టుకున్న సారు క్లాసు సైలెంట్‌గా ఉంటుంది, నా క్లాసు సంత. హెడ్మాస్టరు గారు నన్ను చూసి నవ్వుతున్నారు. తల్లిదండ్రులే వచ్చి “తోలు తీయండి సార్, కళ్ళు మాత్రం వదిలేయండి” అంటున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, జడ్చర్ల దగ్గర

జవాబు: తమ్ముడూ, ఆ కళ్ళ మాట నాకూ చెప్పారు, ముప్పై ఏళ్ళ కిందటే. వాళ్ళు చెప్పినా మనకు హక్కు రాదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బెత్తం మానేసి “మొద్దు, దున్నపోతు, నీ మొహానికి చదువొకటి” అని నోటికి పనిచెప్పేవాళ్ళు నాకు తెలుసు. అది కూడా ఆ సెక్షన్ కిందికే వస్తుంది.

ఆ సారు క్లాసు సైలెంట్‌గా ఉండేది సారు ఉన్నంతసేపే. ఆయన రిజిస్టరు కోసం బయటికి వెళ్ళినప్పుడు ఒకసారి వరండాలో నిలబడి విను. స్కిన్నర్ అనే ఆయన ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగం 1938లో అచ్చయింది. మీట నొక్కితే తిండి పడుతుందని ఎలుకలకు అలవాటు చేసి, తర్వాత తిండి ఆపేశాడు. కొన్నిటికి మాత్రం మొదట్లో కాసేపు, మీట నొక్కగానే అదే ఎగిరి కాలి మీద కొట్టేలా పెట్టాడు. దెబ్బ తిన్నవి నొక్కడం తగ్గించాయి. దెబ్బ ఆపేశాక నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టి, చివరికి దెబ్బ తిననివాటితో సమానంగా నొక్కాయి. పిల్లలు ఎలుకలు కారు, సరే. కానీ బెత్తం లోపలికొస్తే ఆగి, బయటికి పోతే మొదలయ్యే అల్లరి నువ్వూ చూస్తున్నావు.

బెత్తం లేని మొదటి నెల సంతలాగే ఉంటుంది, అబద్ధం చెప్పను. నాకు పనికొచ్చింది ఇది: గంట కొట్టేలోపే వెళ్ళి బోర్డు మీద ఒక లెక్క వేసి ఉంచేదాన్ని, కాస్త గమ్మత్తుగా ఉండేది. వాళ్ళు లోపలికొచ్చి ‘నిశ్శబ్దం’ వినకుండా ‘ఇదేంటి’తో మొదలుపెట్టేవాళ్ళు. అందరికన్నా గోల చేసేవాడికి సుద్దముక్కల డబ్బా అప్పజెప్పాను. జవాబు చెప్పినవాణ్ణి రైటా తప్పా అనకుండా, “ఇంకెవరికైనా వేరే జవాబు వచ్చిందా?” అని అడిగి, వచ్చినవన్నీ బోర్డు మీద రాసేదాన్ని. నాలుగు జవాబులు పడ్డాక క్లాసే కొట్లాడుకుంటుంది, అది వేరే గోల. ఆ గోలకు హెడ్మాస్టరు వచ్చినా ఫర్వాలేదు. ఒకడు ఇంకొకడి జామెట్రీ బాక్సు విరగ్గొడితే వాడే కూర్చుని బాగుచేయాలి, ఆరోజే, ఆట పీరియడ్‌లో. ఒకడు చేసినదానికి క్లాసంతటినీ నిలబెట్టకు. అది చేసిన రోజు నుంచి ఆ 45 మందీ వాడి పక్షమే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గితే చెంపదెబ్బలు, రాత్రి పన్నెండు దాకా స్టడీ అవర్‌లో నిలబెట్టడం, కింది సెక్షన్‌కు దింపడం. అడిగితే టీసీ తీసుకుపొమ్మంటున్నారు. విద్యాహక్కు చట్టం ఇంటర్‌కు వర్తించదట కదా?
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకే, నిజం. కానీ పద్దెనిమిది నిండనివాళ్ళందరికీ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది. తన అధీనంలో ఉన్న పిల్లల్ని కొట్టి హింసిస్తే 75వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. పిల్లల సంరక్షణ అప్పజెప్పిన సంస్థలో పనిచేసేవాళ్ళయితే ఐదేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. 1098కి ఫోన్ చేస్తే పేరు బయటపెట్టకుండా మాట్లాడొచ్చు.

ముందు మాత్రం ఫోన్ కాదు, బస్సెక్కండి. అవుట్ పాస్ తీసుకుని అబ్బాయిని బయటికి తీసుకెళ్ళి కడుపునిండా భోజనం పెట్టించండి. మార్కులు అడగొద్దు. “ఇంటికి వచ్చేస్తావా?” అని ఒక్కమాట అడిగి, వాడు చెప్పేదాకా ఊరుకోండి. వస్తానంటే ఆ టీసీ తీసుకోండి. కట్టిన ఫీజు గుర్తొస్తుంది, తెలుసు. పదహారేళ్ళవాడు నిద్ర లేకుండా, రేపటి చెంపదెబ్బ తలుచుకుంటూ ఇంటిగ్రేషన్ నేర్చుకోలేడు. ఫార్ములాలు బట్టీపడతాడు, కొత్త లెక్క ఇస్తే చేతులెత్తేస్తాడు. ఈ మాట ఆలస్యం చేయదగ్గది కాదు కనుక పత్రికలో అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు విడిగా కూడా రాశాను.

ప్రశ్న: టీచరమ్మ గారూ, నేను ఏడో తరగతి. మా సార్ తప్పు రాస్తే ఇంపోజిషన్ 100 సార్లు రాయమంటారు. నేను రెండు పెన్నులు రబ్బరుబ్యాండుతో కట్టి రాస్తే 50 సార్లలో అయిపోతుంది. ఇది మోసమా? మా అక్క మోసం అంటోంది.
– పేరు వేయొద్దు, మా సార్ కూడా ఈ పుస్తకం చదువుతారు

జవాబు: చిట్టితల్లీ, మా కాలంలో మూడు కట్టేవాళ్ళం. మూడోది గీత మీద నిలవదు, పట్టుబడిపోతాం. మీ అక్కతో నాకు పేచీ వద్దు, అందుకని మోసమో కాదో తేల్చను. నాకు తెలిసింది చెబుతాను: ఇరవయ్యోసారికి చెయ్యి రాస్తుంటుంది, తల కిటికీలోంచి బయటికి పోతుంది. పైగా రాయడమే శిక్ష అయినప్పుడు, రేపు వ్యాసం రాయమంటే నీకు రాయాలనిపిస్తుందా? తప్పు పోయిందా లేదా అన్నది నువ్వే చెప్పాలి. వందసార్లు రాసి పుస్తకం మూసేశాక, మర్నాడు పొద్దున్న ఏమీ చూడకుండా ఒకసారి రాసి చూసుకో.

అది సరే, ఇంత పెద్ద ఉత్తరం రాశావు, ఏ మాట తప్పు రాస్తే ఇంపోజిషన్ పడిందో మాత్రం రాయలేదు. నువ్వు మొదటిసారి ఎలా రాశావో, దిద్దకుండా అలాగే రాసి పంపు.